కోర్టు దాకా వెళ్లకుండా అప్పుల రాజీ: తరచుగా అడిగే ప్రశ్నలు

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వచ్చే రుణగ్రస్తుల కాగితాలు చూసి, వారి తరఫున అప్పిచ్చినవారితో మాట్లాడే ప్యానెల్ న్యాయవాదిగా నాకు ఎదురయ్యే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బ్యాంకులకో, ఫైనాన్స్ కంపెనీలకో, ఊళ్లోని వ్యక్తులకో బాకీపడి, కట్టాలనే మనసు ఉన్నా మొత్తం ఒకేసారి కట్టలేని వారి కోసం ఇవి రాశాను.

అప్పు కట్టలేకపోతే జైలుకు పంపుతారా?

మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మొదట అడిగే ప్రశ్న ఇదే. కొందరు పైకి అడగరు కానీ, భయమంతా దీని చుట్టూనే తిరుగుతుంటుంది. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. కోర్టు డిక్రీ ఇచ్చిన తర్వాత కూడా కట్టకపోతే సివిల్ జైలుకు పంపే వీలు సివిల్ ప్రక్రియా స్మృతిలో ఉన్న మాట నిజమే. అయితే చేతిలో డబ్బు ఉండి కూడా ఎగవేసే దురుద్దేశం ఉన్నవారికే అది వర్తిస్తుందని, పేదరికం వల్ల కట్టలేనివారిని జైలుకు పంపడం రాజ్యాంగంలోని 21వ అధికరణకు విరుద్ధమని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో స్పష్టం చేసింది. డబ్బు బాకీ డిక్రీ కింద స్త్రీలను అసలు అరెస్టు చేయకూడదని అదే స్మృతిలోని 56వ సెక్షన్ చెబుతోంది.

చెక్కు చెల్లకపోవడం, తప్పుడు పత్రాలతో రుణం తీసుకోవడం వేరు. వాటిలో క్రిమినల్ కేసు నడుస్తుంది. చెక్కుల సంగతి కింద విడిగా రాశాను.

మేమూ మేమూ కూర్చుని మాట్లాడుకున్న రాజీకి చట్టబలం ఉంటుందా?

ఉంటుంది. అప్పిచ్చినవాడు తనకు రావలసిన దానిలో కొంత వదులుకోవచ్చని, గడువు పెంచవచ్చని, తక్కువ మొత్తం తీసుకుని పూర్తి బాకీ తీరినట్టు ఒప్పుకోవచ్చని 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 63వ సెక్షన్ చెబుతోంది. పెద్దమనుషుల సమక్షంలో కుదిరిన మాట కాగితం మీదకు వచ్చి, ఇరుపక్షాల సంతకాలు పడితే అది చెల్లుబాటయ్యే ఒప్పందమే. కానీ అందులో ఒకరు మాట తప్పితే రెండోవారు మళ్లీ కోర్టులో దావా వేసి మొదటి నుంచి నిరూపించుకోవలసి వస్తుంది.

అదే రాజీని లోక్ అదాలత్ ముందు నమోదు చేయిస్తే పరిస్థితి మారుతుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. మోసం వంటి అతి పరిమితమైన కారణాలతో హైకోర్టులో రిట్ వేయడం తప్ప దాన్ని కదిలించే దారి లేదు. ఇది రుణగ్రస్తుడికి రక్షణ, ఎందుకంటే రేపు బ్యాంకు కొత్త మేనేజరు వచ్చి ఆ మాట తమకు తెలియదని అనలేడు. కానీ ఇదే రుణగ్రస్తుడి మెడకు చుట్టుకునే తాడు కూడా కావచ్చు. మీరు కిస్తీ తప్పితే అవతలివారు కొత్తగా దావా వేయనక్కరలేదు, నేరుగా అమలు పిటిషన్, అంటే వాడుకలో ఈపీ, వేసి జప్తుకు వస్తారు. అందుకే కట్టలేని అంకెకు లోక్ అదాలత్‌లో సంతకం పెట్టడం కన్నా ఆ రోజుకు పెట్టకుండా తిరిగి వెళ్లడం మేలని నేను ప్రతివారికీ చెబుతాను.

కేసు ఇంకా వేయలేదు. అయినా లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చా? ఖర్చు ఎంత?

వెళ్లవచ్చు. దావా పడకముందే వచ్చే ఇలాంటి వ్యవహారాలను ప్రీ లిటిగేషన్ కేసులు అంటారు. జాతీయ లోక్ అదాలత్ రోజున కోర్టు ఆవరణలో బ్యాంకుల బల్లల ముందు బారులు తీరే జనంలో ఎక్కువమంది ఇలాంటివారే. మీ జిల్లా కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ, దగ్గరి కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీలో గానీ తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే వారు అవతలివారికి నోటీసు పంపిస్తారు. దీనికి కోర్టు ఫీజు లేదు. ఇప్పటికే కోర్టులో ఉన్న దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. జాతీయ లోక్ అదాలత్ సాధారణంగా ఏడాదికి నాలుగు సార్లు, శనివారాల్లో జరుగుతుంది. వివరాలకు 15100 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి, దివ్యాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడినవారికి అదే చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఉచితంగా న్యాయవాదిని కూడా ఇస్తారు. స్త్రీలకు ఆదాయ పరిమితి వర్తించదు. ఈ సంగతి తెలియక గాజులు కుదవపెట్టి లాయరు ఫీజు కట్టినవారిని చూశాను కనుక దీన్ని నొక్కి చెబుతున్నాను.

శాశ్వత లోక్ అదాలత్ అనేది దీనికి భిన్నమైనది. బ్యాంకింగ్ సేవలు ప్రజోపయోగ సేవలుగా ప్రకటితమైన చోట కోటి రూపాయల లోపు వివాదాలతో బ్యాంకు అక్కడికి వెళ్లవచ్చు. మామూలు లోక్ అదాలత్ రాజీ కుదరకపోతే చేతులు కడుక్కుంటుంది కానీ, శాశ్వత లోక్ అదాలత్‌కు రాజీ ప్రయత్నం విఫలమైతే తానే తీర్పు చెప్పే అధికారం ఉంది. కాబట్టి నోటీసులో శాశ్వత లోక్ అదాలత్ అని ఉంటే తప్పకుండా హాజరు కావాలి. అది రాజీ పిలుపే కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

రాజీకి వచ్చే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

అందరూ అప్పు లెక్క తెచ్చుకుంటారు. నేను ముందుగా అడిగేది ఇంటి లెక్క.

చిల్లర కొట్టు నడుపుకొనే ఒక అమ్మ తన వ్యవహారానికి మా దగ్గరికి వచ్చింది. ఒక ఫైనాన్స్ సంస్థకు 1,45,000 రూపాయల బాకీ ఉంది. ఆ సంస్థ మనిషి ఎదుట కూర్చోగానే, అడగకముందే, నెలకు 8,000 కడతానని చెప్పేసింది. అది అబద్ధం చెప్పే మనిషి మాట కాదు, సిగ్గుతో తల వంచుకున్న మనిషి మాట. వారిని కాసేపు ఆగమని, ఆమెను పక్క గదిలోకి తీసుకువెళ్లి సిగరెట్ అట్టపెట్టె వెనుక లెక్క రాశాము, ఆమె సంచిలో ఉన్న కాగితం అదొక్కటే. కొట్టు మీద నెలకు మిగిలేది 18,000. అద్దెకు 4,500, బియ్యం, సరుకులు, గ్యాస్‌కు 5,600, కరెంటుకు, ఫోనుకు 900, అత్తగారి మందులకు 1,800, అమ్మాయి కాలేజీ బస్సుకు 1,200, కొట్టుకు సరుకు తెచ్చే ఆటో కిరాయికి 1,100. అన్నీ కలిపితే 15,100 అయ్యాయి. చేతిలో మిగిలేది 2,900. ఆ అట్టముక్కనే ఆ సంస్థ ప్రతినిధి ముందు పెట్టాము. ఆయన చాలాసేపు దాన్ని చూసి, పైవారితో ఫోన్లో మాట్లాడి, 92,000కు ఒప్పుకున్నారు. 20,000 అన్నగారు సర్దారు, మిగిలిన 72,000 నెలకు 2,400 చొప్పున 30 నెలలు. నెలకు మిగిలే 500 జ్వరాలకూ పండుగలకూ అట్టిపెట్టాము. ఆమె మొదట చెప్పిన 8,000తో ఒప్పందం రాసి ఉంటే రెండో నెలలోనే అది విరిగిపోయేది.

రైతులకు, ముఖ్యంగా కౌలు రైతులకు, నెలవారీ కిస్తీ ఒప్పుకోవద్దని సలహా ఇస్తాను. పత్తి రైతు చేతికి డబ్బు వచ్చేది ఏరుళ్లు మొదలైన తర్వాత, మిర్చి రైతుకు వచ్చేది వేసవిలో యార్డుకు సరుకు చేరిన తర్వాత. జూన్, జూలై నెలల్లో విత్తనానికీ ఎరువుకీ తానే చేయిచాచే మనిషి ఆ నెలల్లో కిస్తీ కడతానని రాసివ్వడం, ఇంకో అప్పు చేస్తానని రాసివ్వడమే. పంట చేతికొచ్చే నెలల పేర్లు వేసి రెండు మూడు వాయిదాలు అడగండి.

వీటితో పాటు రుణ ఒప్పంద పత్రం ప్రతి, గత ఏడాది రెండేళ్ల ఖాతా వివరాలు, కట్టిన రసీదులు, ఫోన్ పే, గూగుల్ పే ద్వారా పంపిన సొమ్ము వివరాల ముద్రిత ప్రతులు, ఆదాయం పడిపోవడానికి కారణం చూపే కాగితాలు, అంటే ఆసుపత్రి బిల్లులో, ఉద్యోగం పోయిన ఉత్తరమో, తెచ్చుకోవాలి. మిగతా అప్పులను కూడా దాచకుండా చెప్పాలి. నాలుగు చోట్ల బాకీ ఉన్న మనిషి ఒక్కచోట మాత్రమే రాజీపడి ఉన్నదంతా అక్కడే పోస్తే, మిగిలిన మూడు చోట్ల నుంచి నోటీసులు వస్తాయి.

వన్ టైమ్ సెటిల్‌మెంట్ అడగడం నా హక్కా? బ్యాంకు ఎంత తగ్గిస్తుంది?

తగ్గించిన మొత్తం కట్టి బాకీ పూర్తిగా తీర్చుకునే ఈ పద్ధతిని (పొట్టిగా ఓటీఎస్) అడగవచ్చు కానీ, ఇచ్చి తీరాలని పట్టుబట్టే హక్కు లేదు. ఓటీఎస్ ఇవ్వాలని హైకోర్టు కూడా బ్యాంకును ఆదేశించజాలదని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో బిజ్నోర్ అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకు కేసులో చెప్పింది. అయితే ప్రతి బ్యాంకుకూ బోర్డు ఆమోదించిన రాజీ విధానం ఉండాలని రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న ఆదేశించింది కాబట్టి, దాని ప్రకారం తమ అర్జీని పరిశీలించమని కోరడం పూర్తిగా సబబే.

తగ్గింపు ఇంత అని ముందే చెప్పడం కుదరదు. అప్పు ఎంత పాతది, 90 రోజులు దాటి నిరర్థక ఆస్తిగా మారి ఎన్నాళ్లయింది, తనఖా ఉందా, దాని విలువెంత అన్నవి చూస్తారు. తనఖా లేని పాత బాకీల్లో తగ్గింపు ఎక్కువగా ఉంటుంది, పట్టణంలో మంచి ఇల్లు తనఖాలో ఉంటే దాదాపు ఉండదు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి: రుణం మంజూరు చేసిన అధికారి కన్నా కనీసం ఒక మెట్టు పై అధికారే రాజీని ఆమోదించాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. అందుచేత లోక్ అదాలత్ రోజు పొద్దున వచ్చి బ్రాంచి మేనేజరును నిలదీస్తే ఆయన నిజంగానే ఏమీ చేయలేకపోవచ్చు. మూడు నాలుగు వారాల ముందే బ్రాంచిలో లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి, ప్రతి మీద ముద్ర వేయించుకుంటే, ఆ రోజుకు ఆయన చేతిలో పై అనుమతి ఉంటుంది.

ఒప్పందంలో ఏ మాటలు జాగ్రత్తగా చూసుకోవాలి?

అందరూ చూసేది తగ్గిన మొత్తాన్ని. నేను మొదట చూసేది వాయిదా తప్పితే ఏమవుతుందన్న వాక్యాన్ని. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు రాసే పత్రాల్లో సాధారణంగా ఒక్క వాయిదా తప్పినా రాయితీ రద్దయి మొదటి నుంచి వడ్డీతో సహా మొత్తం బాకీ వసూలు చేస్తామని ఉంటుంది. ఆ వాక్యాన్ని పూర్తిగా తీసేయమంటే ఒప్పుకోరు, అది వారి దృష్టిలో న్యాయమైనదే. కానీ దాన్ని మెత్తబరచమని అడగవచ్చు. వరుసగా రెండు వాయిదాలు తప్పితేనే అని, తప్పిన తర్వాత 15 రోజుల నోటీసు ఇచ్చాకే అని, అప్పటిదాకా కట్టిన సొమ్మును అసలులో జమ చేయాలని రాయించండి. ఈ మూడు సవరణల్లో కనీసం ఒకటైనా దొరకని సందర్భాలు నా అనుభవంలో తక్కువ.

తర్వాత చూడవలసింది ‘పూర్తి, తుది చెల్లింపు’ అన్న మాట ఉందా లేదా అని. ఆ మాట లేని కాగితం మీద కట్టిన సొమ్మును పాత బాకీలో పాక్షిక జమగా చూపిన ఉదంతాలు ఉన్నాయి. వాయిదాల కాలంలో కొత్తగా వడ్డీ పడుతుందా పడదా అన్నది స్పష్టంగా రాయించాలి. అప్పటికే కోర్టుల్లో ఉన్న కేసులను ఎవరు, ఎప్పటిలోగా ఉపసంహరించుకుంటారో నంబర్లతో సహా రాయించాలి. తెలుగు మాత్రమే చదవగలిగినవారు ఇంగ్లీషు పత్రం మీద సంతకం పెట్టే ముందు, చదివి వినిపించమని లోక్ అదాలత్ బెంచిని అడగాలి. బెంచిలో కూర్చున్న న్యాయాధికారి దానికి విసుక్కోరు, నిజానికి వారే చదివి వినిపించి అర్థమైందా అని అడుగుతారు. తల ఊపేయకుండా, అర్థం కాకపోతే కాలేదని చెప్పండి.

ఊళ్లో ప్రోనోటు మీద అప్పు తీసుకున్నాను. వడ్డీ కడుతూనే ఉన్నాను కానీ నోటు మీద ఏమీ రాయించలేదు. ఇప్పుడు మొత్తం అడుగుతున్నారు. ఏం చేయాలి?

మన జిల్లాల్లో అన్నిటికన్నా ఎక్కువ కన్నీళ్లు పెట్టించే కాగితం ఇదే. రెండు రూపాయల వడ్డీకి, అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతానికి, 2,00,000 తీసుకున్న మనిషికి మూడేళ్లలో బారువడ్డీయే 1,44,000 అవుతుంది. అందులో లక్ష దాకా చేతికి చేతి ఇచ్చి ఉంటాడు, నమ్మకం మీద. నోటు తిప్పి చూస్తే వెనుక ఒక్క చెల్లు, అంటే కట్టిన సొమ్ము రాసిన నమోదు, కూడా ఉండదు. సంతకం ఒప్పుకున్న ప్రోనోటుకు ప్రతిఫలం ముట్టినట్టే చట్టం భావిస్తుంది, తిరిగి కట్టానని రుజువు చేసుకోవలసిన భారం కట్టినవాడి మీద పడుతుంది.

అయినా దారి మూసుకుపోలేదు. బ్యాంకు ద్వారా పంపినవి, ఫోన్ ద్వారా పంపినవి, వాట్సాప్‌లో ముట్టిందని వచ్చిన జవాబులు, ధాన్యం కమిషన్ కొట్టులో పట్టుకున్న సొమ్ము చిట్టా, ఇవన్నీ పనికివస్తాయి. ఇంట్లో క్యాలెండరు మీద తేదీల పక్కన రాసుకున్న అంకెలు కూడా మాట్లాడుకునే చోట పనిచేస్తాయి. అప్పిచ్చినవారు సాధారణంగా ఎదురుగా కూర్చుని, తేదీ చెప్పి, ఆ రోజు ఎవరి సమక్షంలో ఇచ్చారో చెబితే పూర్తిగా కాదనరు. ఊళ్లో మళ్లీ ముఖాలు చూసుకోవలసినవారు కదా. ఇక వడ్డీ మరీ అన్యాయంగా ఉంటే, వ్యక్తులిచ్చిన అప్పుల విషయంలో కోర్టు ఆ లావాదేవీని తిరిగి తెరిచి చూసే అధికారం 1918 నాటి అధిక వడ్డీల చట్టంలో ఉంది. ఈ సంగతి కూడా మాటల్లో ప్రస్తావిస్తే అంకె కిందికి దిగుతుంది.

అప్పులవారినీ బాకీదారులనూ కూర్చోబెట్టి సర్దుబాటు చేయడం మనకు కొత్త కాదు. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే 1936లో రుణ రాజీ చట్టం వచ్చింది, రైతు రుణ విమోచన చట్టం 1938లో వచ్చింది.

హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కు బ్యాంకులో వేశారు, చెల్లలేదు. ఇప్పుడు రాజీ కుదురుతుందా?

కుదురుతుంది, ఎంత తొందరగా కదిలితే అంత మంచిది. చెక్కు తిరిగొచ్చిన సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లోగా అవతలివారు నోటీసు ఇవ్వాలి, అది మీకు అందిన 15 రోజుల్లోగా మీరు సొమ్ము కట్టకపోతే ఆ తర్వాత నెలలోగా వారు కేసు వేయవచ్చు. ఆ 15 రోజులూ మాట్లాడుకోవడానికి దొరికే విలువైన సమయం. నోటీసు తీసుకోకుండా పోస్టుమ్యాన్‌ను తిప్పి పంపడం వల్ల ఉపయోగం లేదు, సరైన చిరునామాకు పంపితే అందినట్టే లెక్కిస్తారు.

కేసు పడిన తర్వాత కూడా ఈ చెక్కు కేసులు, అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కేసులు, ఏ దశలోనైనా రాజీపడదగినవే. కానీ ఆలస్యమై పైకోర్టులకు వెళ్లేకొద్దీ రాజీకి అదనపు ఖర్చు కట్టించేలా సుప్రీంకోర్టు 2010లో దామోదర్ ప్రభు కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. క్రిమినల్ కేసు అయినా లోక్ అదాలత్‌లో రాజీ అయితే ఆ అవార్డు సివిల్ డిక్రీలాగే అమలవుతుందని కూడా తర్వాతి తీర్పులో చెప్పింది.

నేను అప్పు చేయలేదు, హామీ సంతకం మాత్రమే పెట్టాను. నన్నెందుకు అడుగుతున్నారు?

చట్టం దృష్టిలో హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. ముందు వారిని అడిగాకే తమ దగ్గరికి రావాలని హామీదారు అనలేడు. అసలు రుణగ్రస్తుడు హామీదారుకు తెలియకుండా రాజీపడితే హామీదారుకు విముక్తి కలుగుతుందని ఒప్పందాల చట్టంలోని 135వ సెక్షన్ చెబుతున్నా, బ్యాంకుల హామీ పత్రాల్లో ఆ హక్కును ముందే వదులుకున్నట్టు రాసి ఉండడం మామూలు. అందువల్ల రాజీ జరిగేటప్పుడు హామీదారును కూడా కూర్చోబెట్టి, బాకీ తీరగానే ఆయన హామీ కూడా రద్దవుతుందని పేరు పెట్టి రాయించాలి. తోడల్లుడి కోసమో, స్నేహితుడి కోసమో సంతకం పెట్టి జీతంలో జప్తు పడిన ఉపాధ్యాయులు, ఆర్టీసీ ఉద్యోగులు మా దగ్గరికి తరచుగా వస్తారు. వారికి చెప్పేదేమిటంటే, డిక్రీ బాకీల విషయంలో జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తు చేయడానికి వీల్లేదు. భవిష్య నిధినీ, ప్రభుత్వ పింఛనునూ కూడా ముట్టుకోకూడదు.

ఇల్లు తనఖాలో ఉంది, గోడకు నోటీసు అంటించారు. ఇప్పుడు కూడా రాజీ అడగవచ్చా?

అడగవచ్చు, కానీ రోజులు లెక్కపెట్టుకోవాలి. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ముందుగా 60 రోజుల నోటీసు ఇవ్వాలి. దానికి మీరు అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లోగా జవాబివ్వాలి. స్వాధీనం నోటీసు వచ్చిన తర్వాత 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లే వీలుంది. 2016 సవరణ తర్వాత, వేలం ప్రకటన వెలువడే రోజు లోపే మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవాలి. అందుకే 60 రోజుల నోటీసు వచ్చిన వారంలోనే బ్రాంచికి వెళ్లండి. అమ్మక తప్పదని తేలితే, వేలానికి వదిలే బదులు బ్యాంకు అనుమతితో మీరే కొనేవారిని వెతికి అమ్ముకోవడం దాదాపు ఎప్పుడూ ఎక్కువ ధర తెస్తుంది. దీనికి బ్యాంకులు చాలావరకు సమయం ఇస్తాయి. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు.

వసూలు మనుషులు ఇంటికి వచ్చి కేకలు వేస్తున్నారు, బంధువులకు ఫోన్లు చేస్తున్నారు. రాజీ మాట ఎత్తడానికే భయంగా ఉంది.

రాజీకి ముందు ఈ వేధింపు ఆగాలి. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత రుణ వసూలు కోసం ఫోన్ చేయకూడదని, బంధుమిత్రులను వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఆదేశించింది. మైక్రోఫైనాన్స్ రుణాలకు ఆ సమయం ఇంకా తక్కువ, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. మైక్రోఫైనాన్స్ సిబ్బంది ఇద్దరూ అనుకున్న చోటే వసూలు చేసుకోవాలి, అక్కడికి వరుసగా రెండుసార్లు మీరు రాకపోతేనే ఇంటికి రావచ్చు. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో ఆత్మహత్యల తర్వాత మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చిన నేల ఇది, కాబట్టి ఈ నియమాలను చిన్నవిగా చూడకండి. ముందు ఆ సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సమాచారానికి 14448. ఫొటోలు మార్చి బెదిరించే రుణ యాప్‌ల విషయంలో మాట్లాడుకోవడాలు వద్దు, 1930కి ఫోన్ చేసి సైబర్ నేరంగా ఫిర్యాదు చేయండి.

ఈ ఒత్తిడిలో ప్రాణం మీదకు తెచ్చుకునే ఆలోచన వస్తుంటే, దయచేసి అన్నిటికన్నా ముందు మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు. అప్పు కాగితాలు రేపు చూసుకోవచ్చు.

మూడేళ్లు దాటిన అప్పుకు కాలదోషం పడుతుందంటారు. అయినా రాజీకి వెళ్లాలా?

ప్రోనోటు, చేబదులు వంటి తనఖా లేని అప్పులకు దావా గడువు సాధారణంగా మూడేళ్లు, తనఖా ఉంటే పన్నెండేళ్లు. గడువులోపల మీరు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే, లేదా కొంత కట్టి చెల్లు రాసి సంతకం పెడితే, గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కవుతుంది. మూడేళ్లు నిండబోయే వారంలో అప్పిచ్చినవారు వెయ్యి రూపాయలైనా ఇచ్చి చెల్లు వేయమనడానికి కారణం అదే. ఓటీఎస్ కోసం ఇచ్చే అర్జీ కూడా బాకీని ఒప్పుకున్నట్టు కావచ్చు. అందువల్ల అర్జీ రాసే ముందే తేదీలు న్యాయవాదికి చూపించండి. గడువు దాటిపోయిన అప్పును తీర్చాలా వద్దా అన్నది మీ మనస్సాక్షికి వదిలేస్తాను. ఒకటి మాత్రం నిజం: గడువు దాటాక కూడా కడతానని కొత్తగా రాసిస్తే అది చెల్లుతుంది.

ఇవన్నీ ఎందుకు, ఐపీ పెట్టేస్తే సరిపోదా?

ఐపీ అంటే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టులో వేసే దివాలా పిటిషన్. పిటిషన్ వేసి అప్పులవాళ్లందరికీ నోటీసులు పంపితే బాకీలు పోతాయనే నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. అది పొరపాటు. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక మీ ఆస్తి అధికారిక రిసీవరు చేతికి వెళుతుంది. పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో భార్య పేరునో, బావమరిది పేరునో చేసిన ఆస్తి బదిలీలను రద్దు చేయమని రిసీవరు కోర్టును అడగవచ్చు. బాకీ నుంచి విముక్తి దొరికేది డిశ్చార్జి ఉత్తర్వు వచ్చాకనే. ఆస్తి ఏదీ లేక, పదుల సంఖ్యలో అప్పులవాళ్లు ఉండి, ఎవరితోనూ మాట పొసగనివారికి ఇది సరైన దారే, అందులో అవమానం లేదు. అయితే ఆ చట్టంలోనే, 38వ సెక్షన్‌లో, రాజీకి చోటుంది: బాకీ రుజువైన అప్పులవాళ్లలో సంఖ్యలో ఎక్కువమంది, విలువలో నాలుగింట మూడు వంతుల వారు ఒప్పుకుంటే కోర్టు ఆమోదంతో అందరికీ కలిపి ఒకే ఒప్పందం కుదురుతుంది. దీన్ని వాడుకునేవారు చాలా అరుదు, ఇంకా ఎక్కువగా వాడుకోవాలి.

అప్పు తీసుకున్నవారు చనిపోతే పిల్లలు కట్టాలా?

తండ్రి నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యత. ఆస్తి ఏమీ రాకపోతే పిల్లల సొంత సంపాదన మీద హక్కు లేదు, వారు హామీ సంతకం చేసి ఉంటే తప్ప. దశదినకర్మ రోజున నోటు పట్టుకుని వచ్చి కొత్త నోటు మీద కొడుకుతో సంతకం చేయించుకోవడం జరుగుతుంటుంది. ఆ రోజు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. రుణానికి బీమా ఉందేమో కూడా అడగండి, ఇంటి, వాహన రుణాలతో పాటు ప్రీమియం పట్టుకున్న సంగతి కుటుంబానికి తెలియకపోవడం మామూలే.

అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, విద్యా రుణం ఆగిపోయింది. ఇక్కడ మేమే రాజీ చేసుకోవచ్చా?

సహ రుణగ్రహీతలుగా మీరు మాట్లాడవచ్చు. అతని తరఫున సంతకం పెట్టాలంటే భారత కాన్సులేటులో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ కావాలి, అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి.

రాజీపడితే సిబిల్ స్కోరు పోతుందా?

తగ్గించిన మొత్తానికి తీరిన రుణం నివేదికలో ‘సెటిల్డ్’ అని కనిపిస్తుంది, ‘క్లోజ్డ్’ అని కాదు. కొన్నేళ్లపాటు కొత్త రుణం దొరకడం కష్టమవుతుంది. రాజీపడిన వ్యవసాయేతర రుణగ్రస్తుడికి అదే సంస్థ కనీసం 12 నెలలపాటు కొత్త రుణం ఇవ్వకూడదు కూడా. కానీ కట్టని బాకీగా ఉండిపోవడం ఇంతకన్నా చెడ్డది. త్వరలో ఇంటి రుణం కావాలనుకునేవారు, వీలైతే, అసలు తగ్గింపు అడగకుండా గడువు మాత్రమే పెంచమని అడగడం మంచిది.

చివరి వాయిదా కట్టేశాను. ఇంకేం తీసుకోవాలి?

బ్యాంకు అయితే బాకీ లేదన్న పత్రం, అంటే నో డ్యూస్, తీసుకోండి. తనఖా పత్రాలను పూర్తి చెల్లింపు లేదా రాజీ జరిగిన 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున బ్యాంకే చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం, 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో తనఖా రద్దు నమోదైందో లేదో ఈసీ, అంటే ఆస్తి మీదున్న తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం, తీసి చూసుకోండి. రెండు మూడు నెలల తర్వాత సిబిల్ నివేదిక తెప్పించుకుని సరిచూసుకోండి.

ప్రోనోటు అయితే డబ్బు ఇచ్చే చేత్తోనే నోటు తీసుకోవాలి. నోటు బీరువాలో ఉంది, తర్వాత పంపుతానంటే, డబ్బు కూడా తర్వాతే ఇస్తానని నెమ్మదిగా చెప్పండి. నోటు నిజంగా కనబడకపోతే, ఫలానా తేదీ నాటి ఇంత మొత్తం నోటు తాలూకు బాకీ మొత్తం ముట్టిందని, ఆ నోటు దొరికినా చెల్లదని ఇద్దరు సాక్షులతో రసీదు రాయించుకోండి. హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కులను నంబర్లు సరిచూసి వెనక్కి తీసుకోండి. అవి దొరకలేదంటే ఆ రసీదు ప్రతితో అదే రోజు మీ బ్యాంకుకు వెళ్లి, ఆ చెక్కులకు చెల్లింపు నిలిపివేయమని రాసివ్వండి.